కరెంటు పెట్టిన చోటే మళ్ళీ మంట

రేడియేషన్ పూర్తయి నెలలు గడుస్తాయి. కమిలిన చర్మం మాని, కాస్త నల్లబడి, దాదాపు మరుపున పడుతుంది. ఆ తర్వాత ఏదో ఒక రోజు కొత్త మందు ఎక్కిస్తారు. రెండు మూడు రోజులు తిరిగేసరికి, ఒంటిమీద మరెక్కడా ఏమీ లేకుండా, సరిగ్గా రేడియేషన్ పడ్డ చోటే చర్మం వేడెక్కుతుంది, దురద పెడుతుంది, వాస్తుంది, ఒక్కోసారి పొక్కి నీరు కారుతుంది. అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. దీన్నే వైద్యులు రేడియేషన్ రీకాల్ అంటారు. చర్మం వరకే ఉంటే రేడియేషన్ రీకాల్ డెర్మటైటిస్. ఆరు దశాబ్దాలు దాటింది దీని గురించి రాయడం మొదలుపెట్టి. ఎందుకొస్తుందన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు మాత్రం ఇంకా దొరకలేదు.

నందవరంలో రేడియేషన్ యంత్రం లేదు. బనగానపల్లె దగ్గర చౌడేశ్వరి గుడి ఉన్న నందవరం కాదు, ఎమ్మిగనూరు పక్కనున్న నందవరం సంగతి చెబుతున్నాను. రేడియేషన్‌ను ఇక్కడ కరెంటు అంటారు. కరెంటు పెట్టించుకోవాలంటే ఇక్కడివాళ్ళు కర్నూలు పోవాలి. లేదంటే హైదరాబాదులో ఎంఎన్‌జే, బసవతారకం, అదీ కాకపోతే బెంగళూరు కిద్వాయి. కరెంటు ఒక ఊళ్ళో, కీమో ఇంకో ఊళ్ళో, మాత్రలు ఇంటి దగ్గర. పుండు లేస్తే ముందు చూపించుకునేది వీధిలో ఉన్న ఆర్‌ఎంపీకి. రీకాల్ గుర్తింపుకు రాకుండా తప్పించుకుపోవడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు మరొకటి ఉండదు. ఈ వ్యాసం రీకాల్ గురించి తెలిసినదాన్ని ఒకచోట చేర్చి, ఆ ఏర్పాటుకు ఎదురుగా పెట్టి చూసే ప్రయత్నం.

చరిత్రలో తెలుగువాళ్ళకు ఆసక్తి కలిగించే మలుపు ఒకటుంది. ఈ సంగతిని మొదట నమోదు చేసింది 1959లో, బోస్టన్ పరిశోధకులు. డాంజియో, ఫార్బర్, మాడాక్ అనే ముగ్గురు రాసిన వ్యాసం అది. యాక్టినోమైసిన్ డి అనే మందు ఎక్స్‌రేల ప్రభావాన్ని ఎంత పెంచుతుందో చూస్తుండగా, ఎప్పుడో రేడియేషన్ పడి మానిపోయిన చర్మం కూడా ఆ మందు పడగానే తిరిగి ఎర్రబారడం వాళ్ళ కంటబడింది. ఆ ఫార్బరే సిడ్నీ ఫార్బర్, పిల్లల రక్తకాన్సరుకు మందులతో వైద్యం మొదలుపెట్టిన మనిషి. 1948లో ఆయన ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలమైనా జబ్బు నెమ్మదించింది. వాళ్ళకు ఇచ్చిన అమినోప్టెరిన్ లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనకు పెద్దదిక్కు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడి వరసైన మెథోట్రెక్సేట్ కూడా అదే ప్రయోగశాల బిడ్డ, ఈ రోజుకీ ఊరూరా మందుల షాపుల్లో దొరుకుతోంది. రీకాల్ తెప్పించే మందుల పట్టికలో మెథోట్రెక్సేట్ కూడా ఉంది. దాని సంగతి కొంచెం తర్వాత.

ముందు ఒక తేడా తేల్చుకోవాలి. రేడియేషన్ జరుగుతుండగానో, అయిపోయిన వారం లోపలో కీమో ఇస్తే చర్మం ఎక్కువగా కమలడం అందరికీ తెలిసిందే. అది రెండు దెబ్బలూ ఒకేసారి తగలడం వల్ల వచ్చేది, కొన్నిసార్లు వైద్యులు కావాలనే అలా ఇస్తారు. గర్భసంచి ముఖద్వార కాన్సరుకు కరెంటుతోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ ఎక్కించడం అలాంటిదే. రీకాల్ అది కాదు. రేడియేషన్ గాయం మానిన తర్వాత, కనీసం ఏడు రోజులు దాటాక ఇచ్చిన మందు పాతచోటును రేపితేనే రీకాల్ అంటారు. ఆ ఎడం కొన్ని వారాలు కావచ్చు, నెలలు కావచ్చు. 15 ఏళ్ళ తర్వాత వచ్చిన ఉదంతాలు కూడా వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మందు పడ్డాక కనిపించే వ్యవధి కూడా ఒక్కటి కాదు. నరానికి ఎక్కించే మందులతో గంటల నుంచి రోజుల్లో, నోటిమాత్రలతో వారాల్లో.

ఏ మందులతో? ఇక్కడ నాకు ఈ రంగం రాతల మీద ఒక ఫిర్యాదు ఉంది. సమీక్షలు తిరగేస్తే మందుల పట్టిక పేజీ నిండిపోతుంది. ఒక్క రోగిలో ఒక్కసారి కనిపించిన మందుకూ, పదుల సార్లు కనిపించిన మందుకూ ఒకే వరసలో పీట వేస్తారు. నిజానికి బరువంతా కొన్నింటి మీదే ఉంది. డాక్సోరూబిసిన్, అంటే సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగే మందు. 1974లోనే ఇది రీకాల్ తెస్తుందని రాశారు. డోసిటాక్సెల్, పాక్లిటాక్సెల్, జెమ్‌సిటబిన్ దాని తర్వాత వరసలో. కేపెసిటబిన్ మాత్రలు, ఎటోపోసైడ్, బ్లియోమైసిన్, పెమెట్రెక్సెడ్ కూడా తరచూ కనిపించేవే. రొమ్ము కాన్సరుకు ఏళ్ళ తరబడి వాడే టమాక్సిఫెన్‌తో 1992లో ఒక కేసు వచ్చింది. లక్షలాదిమంది వేసుకున్న మాత్ర అది, కాబట్టి అరుదైనదనే అనుకోవాలి. ఆ తర్వాత వచ్చిన కొత్త మందుల్లో సొరాఫెనిబ్, సునిటినిబ్, వెమురాఫెనిబ్, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ కూడా చేరాయి.

కాన్సరుతో సంబంధం లేనివీ ఉన్నాయి. క్షయకు వాడే మందులతో రీకాల్ వచ్చిన ఉదంతం ఉంది. కొన్ని యాంటీబయాటిక్‌లతో, కొలెస్టరాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్‌తో కూడా. 2021లో ఇజ్రాయెల్ వైద్యులు కోవిడ్ టీకా తర్వాత ఇద్దరిలో చూశామని రాశారు. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో కాన్సరు తగ్గినవాళ్ళకు టీబీ మాత్రలు మొదలుపెట్టడం వింతేమీ కాదు. ఆ సమయంలో ఛాతీ మీది పాత కరెంటు చోటు మంటెత్తితే, టీబీ మాత్రల మీద అనుమానం రావాలని ఎందరికి తోస్తుంది?

ఎంతమందికి వస్తుంది? తరచూ చెప్పే లెక్క నూటికి 6 నుంచి 9 మంది. దీన్ని నేను కొంత అనుమానంగానే చూస్తాను. ఈ లెక్క వెనక ఉన్న పరిశీలనలు చిన్నవి. మిగతాదంతా విడివిడి కేసులే. విడి కేసులు రాసేది పెద్దాసుపత్రులు, అదీ వింతగా కనిపిస్తేనే. తేలికపాటి రీకాల్ ఎవరి రాతలోకీ ఎక్కదు. పైగా చాలావాటికి ఫోటోలు తెల్లచర్మం మీదివి.

ఈ చివరి మాటను ఇంకొంచెం సాగదీయాలి. రీకాల్ లక్షణాల్లో మొదటిదిగా పుస్తకాలు ఎర్రదనాన్ని చెబుతాయి. చామనఛాయ, నలుపు చర్మాల మీద ఎర్రదనం ఎర్రగా కనిపించదు. ముదురు గోధుమగా, ఊదాగా, ఒట్టి నలుపుగా కనిపిస్తుంది. రేడియేషన్ తర్వాత ఎలాగూ ఆ చోటు నల్లబడి ఉంటుంది కనుక, నలుపు మీద ఇంకొంచెం నలుపు అంటే చూసేవాళ్ళకు తేడా తెలియదు. పత్తి చేలో, మిరప చేలో ఎండకు పని చేసే ఒంటిమీద ఇంకా కష్టం. కాబట్టి కంటికంటే చేతికి ఎక్కువ పని చెప్పాలి. చేత్తో ముట్టుకుంటే పక్క చర్మం కంటే సెగగా ఉందా? వాచి బిగుసుకుందా? రవికె అంచు తగిలితే మండుతోందా? రోగి నోటి నుంచి వచ్చే ఈ మాటలే ఇక్కడ ముఖ్యమైన ఆధారం. చర్మం తోలు తోలుగా లేవడం, చంకలోనూ రొమ్ము కింది మడతలోనూ తడితడిగా ఊడిపోవడం తర్వాతి మెట్లు. పుండు పడి కుళ్ళడం దాకా పోయేవి తక్కువ, కానీ ఉన్నాయి.

చోటు గురించి ఇంకొక సంగతి. రేడియేషన్ కిరణం ముందునుంచి లోపలికి వెళ్ళి వెనకనుంచి బయటికి వస్తుంది. పొత్తికడుపుకు కరెంటు పెట్టిన స్త్రీకి నడుం కింద, పిరుదుల పైన కూడా అంత పెద్ద చదరం ఉంటుంది. మెడకు ముందు పెడితే వెనక మెడ మీద కూడా. ముందు కరెంటు పెడితే వెనక వీపు మీద మంటేమిటని రోగీ అనుకుంటాడు, చూసేవాళ్ళూ అనుకుంటారు. పాత కోబాల్ట్ యంత్రాల విషయంలో ఇది ఇంకా గుర్తుంచుకోవాలి. కోబాల్ట్ కిరణం తన పూర్తి మోతాదును చర్మం నుంచి అర సెంటీమీటరు లోతులోనే దించేస్తుంది. సాధారణంగా వాడే ఆరు మెగావోల్టుల లీనియర్ యాక్సిలరేటర్ కిరణమైతే ఒకటిన్నర సెంటీమీటర్ల లోతుదాకా పోయి దించుతుంది. చర్మానికి కోబాల్ట్‌తో దెబ్బ ఎక్కువ.

ఇక కారణం. నాలుగు ఊహలున్నాయి. ఒకటి, రేడియేషన్ తిన్న చర్మంలో పైపొరను తయారుచేసే మూలకణాలు తగ్గిపోతాయి, మిగిలినవి రెట్టింపు శ్రమతో లోటు పూడుస్తుంటాయి, మందు పడగానే చేతులెత్తేస్తాయి. రెండు, ఆ కణాలు బతికినా వాటిలో దెబ్బ మిగిలి ఉంటుంది, మందుకు తేలిగ్గా లొంగిపోతాయి. మూడు, ఆ చోట రక్తనాళాలు మారిపోయి మందు ఎక్కువగా చేరుతుంది, లేదా ఎక్కువసేపు నిలుస్తుంది. నాలుగు, ఇది మందుకు ఒంటి ఎదురుతిరుగుడే, కాకపోతే రేడియేషన్ ఆ చోట రోగనిరోధక వ్యవస్థ గడప ఎత్తును తగ్గించేసింది. మొదటి మూడూ వినడానికి బాగుంటాయి, కానీ ఇంటర్‌ఫెరాన్ అనే రోగనిరోధక మందు, టీబీ మందు, టీకాలాంటివి కణాలను చంపకుండానే రీకాల్ ఎలా తెస్తున్నాయో చెప్పలేవు. గంటల్లో వచ్చే రీకాల్‌ను అవి అసలే వివరించలేవు. మూలకణాలు చేతులెత్తేయడానికి రోజులు పడుతుంది. అందుకే 2001లో కామిడ్జ్, ప్రైస్ అనే బ్రిటిష్ వైద్యులు నాలుగోదాని వైపు మొగ్గారు. నా ఓటు కూడా దానికే. చర్మంలో వాపును పుట్టించే రసాయన సంకేతాలు రేడియేషన్ తర్వాత నివురు కప్పిన నిప్పులా ఏళ్ళ తరబడి మిగిలి ఉంటాయనీ, కొత్త మందు నివురును ఊదేస్తుందనీ చెప్పే మాట ఈ వరసలోదే.

దీనికి ఎదురుగా ఒక వింత పరిశీలన ఉంది, నాకు బాగా నచ్చింది. ఎర్లోటినిబ్, సెటుక్సిమాబ్ వంటి మందులు ముఖం, ఛాతీ నిండా మొటిమల్లాంటి దద్దుర్లు తెస్తాయి. కొందరిలో ఆ దద్దుర్లు అంతటా లేచి, పూర్వం రేడియేషన్ పడ్డ చోటు మాత్రం శుభ్రంగా మిగిలిపోయింది. అదే చర్మం, ఒక మందుకు రేగుతుంది, ఇంకొక మందుకు ఉలకదు పలకదు. అంటే ఆ చోటు కేవలం బలహీనపడ్డ చోటు కాదు, వేరే స్వభావం తెచ్చుకున్న చోటు. ఈ రెండింటినీ కలిపి చెప్పగల సిద్ధాంతం వస్తే తప్ప కారణం తేలిందని ఎవరూ అనుకోనక్కరలేదు.

చర్మం దాటి లోపలికి కూడా పోతుంది రీకాల్. ఇప్పటిదాకా రాసిన కేసుల్లో సుమారు మూడింట రెండొంతులు చర్మానివి, తక్కినవి లోపలి అవయవాలవి. ఊపిరితిత్తులకు వస్తే దగ్గు, ఆయాసం. కండరానికి వస్తే గట్టిపడి నొప్పి, ముఖ్యంగా జెమ్‌సిటబిన్‌తో. అన్నవాహికకు, నోటికి, పేగులకు కూడా వస్తుంది. ఇది వేరే వ్యాసానికి సరిపడా విషయం.

మన ప్రాంతానికి సంబంధించి ఎక్కువ ఆలోచించాల్సింది మాత్రల గురించి. కీమో ఎక్కించుకునే రోజున రోగి నర్సు కళ్ళ ముందు ఉంటాడు. కేపెసిటబిన్‌లాంటి మాత్ర అయితే పద్నాలుగు రోజుల చీటీ పట్టుకుని నందవరం బస్సెక్కుతాడు, వచ్చేదేదో ఇంట్లోనే వస్తుంది. మాత్రలు చవకైన కొద్దీ ఇలా ఇంట్లో కాన్సరు మందు మింగేవాళ్ళు పెరుగుతున్నారు. దీంట్లో హైదరాబాదు పాత్ర చిన్నది కాదు. నాట్కో ఫార్మాకు 2012 మార్చిలో భారత ప్రభుత్వం మొదటి కంపల్సరీ లైసెన్స్ ఇచ్చింది సొరాఫెనిబ్ తయారీకే. నెలకు 2 లక్షల 80 వేలు దాటిన మందు 8,880 రూపాయలకు దిగింది. సుబ్బారావుగారి వారసత్వమైన మెథోట్రెక్సేట్ సంగతి కూడా ఇదే. తల, మెడ కాన్సరు తిరగబెట్టినవాళ్ళకు వారానికొకసారి మెథోట్రెక్సేట్, రోజూ సెలికాక్సిబ్ మాత్రలు ఇచ్చే చవక వైద్యం సిస్‌ప్లాటిన్ కంటే మెరుగని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2020లో చూపించారు. ఆకువక్క, గుట్కా, బీడీ తెచ్చిపెట్టిన నోటి కాన్సరు రోగుల్లో చాలామందికి అప్పటికే మెడకు కరెంటు అయి ఉంటుంది. అదే మందును కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు కూడా ఇస్తారు. మెథోట్రెక్సేట్ రేడియేషన్ చోటునే కాదు, ఎండకు కమిలిన చర్మాన్ని కూడా మళ్ళీ రేపగలదు. ఏప్రిల్, మే నెలల్లో ఆదోని ఎండ గురించి వేరే చెప్పాలా?

ఇవన్నీ ఆపేయాల్సిన మందులని ఎవరైనా అనుకుంటారేమో, అది తప్పు. రీకాల్ భయంతో కాన్సరు మందు మానేస్తే పోయేది ప్రాణం. అసలు ప్రమాదం రీకాల్‌లో కంటే, దాన్ని మరొకటిగా పొరబడటంలో ఉంది. మొదటి పొరపాటు చీము పట్టిందనుకోవడం. వేడి, వాపు, నొప్పి ఉన్నాయి కదా అని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ వేస్తారు, తగ్గదు. అయితే కీమో వల్ల తెల్లరక్తకణాలు పడిపోయిన మనిషికి నిజంగానే చీము పట్టి ఉండవచ్చు. జ్వరం ఉంటే ముందు దాన్నే అనుమానించి ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండో పొరపాటు కాన్సరు మళ్ళీ చర్మానికి పాకిందనుకోవడం. రొమ్ము కాన్సరు ఒక్కోసారి నిజంగానే చర్మమంతా ఎర్రగా వాచినట్టు తిరగబెడుతుంది. అనుమానం తీరకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. ఆ కబురు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ నిద్రపోరు. మూడోది మందు పడలేదని తేల్చేయడం, ఆ మందును జీవితంలో మళ్ళీ ముట్టకుండా చీటీ మీద రాసేయడం. ఇది కనిపించకుండా జరిగే నష్టం. రీకాల్ తెచ్చిన మందునే మళ్ళీ ఇచ్చినప్పుడు చాలామందిలో రీకాల్ తిరిగి రాలేదని కేసులు చెబుతున్నాయి. కొందరిలో మోతాదు తగ్గించి, ముందుగా స్టిరాయిడ్ ఇచ్చి కొనసాగించారు. మానేయాలా, కొనసాగించాలా అన్నది మంట ఎంత తీవ్రంగా ఉందో, ఆ మందుకు బదులు వేరేది ఉందో లేదో చూసి కాన్సరు వైద్యుడు తేల్చాల్సిన సంగతి.

చీమునూ, కాన్సరునూ, రీకాల్‌నూ వేరు చేసేది చాలా సార్లు ఒక్కటే: అంచు. చీము గీత చూసుకుని ఆగదు. కాన్సరు కూడా అంతే. రీకాల్ ఆగుతుంది. వైద్యం కూడా పెద్ద కష్టమైనది కాదు. మందు తాత్కాలికంగా ఆపడం, పైపూత స్టిరాయిడ్, తీవ్రంగా ఉంటే నోటి ద్వారా స్టిరాయిడ్, దురదకు మాత్ర, తడిపుండ్లకు గాయాలకు చేసే శుభ్రమైన కట్టు. చాలావరకు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పసరు, సున్నం, వేడి కాపడం అస్సలు వద్దు. ఆ చర్మం ఇంకొక దెబ్బ తట్టుకోదు.

అంచు పోల్చుకోవాలంటే అసలు గీత ఎక్కడుందో తెలియాలి. ఇక్కడే మన ప్రాంతంలో గొలుసు తెగుతుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల నుంచి ఏటా సుగ్గికని, అంటే వలస పనులకని, కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు కట్టడాల పనికి కదిలిపోతాయి. ఇల్లు మూతపడుతుంది, ఫైలు గూట్లో ఉండిపోతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి నాగలదిన్నె మునిగినప్పుడు ఇంట్లో కాగితమన్నది మిగలని కుటుంబాలున్నాయి. పదిహేనేళ్ళ తర్వాత కూడా రీకాల్ రాగలదని గుర్తు చేసుకుంటే, అది పాత కథ అనలేం. రేడియేషన్ వేళ చర్మం మీద వేసిన పచ్చబొట్టు చుక్కలు కొందరికి మిగులుతాయి, సూదిమొనంత చిన్నవి, పుట్టుమచ్చలనుకుని ఎవరూ పట్టించుకోరు. వాటిని వెతికితే గీత దొరుకుతుంది. ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి చీటీలో "రేడియేషన్ పూర్తయింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకునే అలవాటు కూడా మారాలి. ఏ భాగానికి, ఏ దిక్కు నుంచి, 15 విడతల్లో 40 గ్రేలా (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), 25 విడతల్లో 50 గ్రేలా, ఏ తేదీన ముగిసింది అన్నవి ఉంటేనే ఆ చీటీకి తర్వాతి డాక్టరు దగ్గర విలువ.

అడగడం కూడా అలవాటు కావాలి. ఎమ్మిగనూరు క్లినిక్కులో, పీహెచ్‌సీలో, ఆర్‌ఎంపీ దగ్గర ఛాతీ మీదో మెడ మీదో తిన్నని అంచుతో మంటెత్తిన చర్మం కనిపిస్తే అడగాల్సినవి రెండే. "ఏమ్మా, ఈడ ఎప్పుడన్నా కరెంటు పెట్టించుకున్యావా?" "ఈ నెలలో కొత్తగా ఏమన్నా మాత్రలు పడ్నాయా?" రెండింటికీ అవునన్న జవాబు వస్తే యాంటీబయాటిక్ చీటీ రాసేముందు కరెంటు పెట్టిన ఆసుపత్రికి ఒక ఫోను చేయమని మనవి. రోగులకూ, ఇంట్లోవాళ్ళకూ చెప్పేది ఇంకొకటి. రేడియేషన్ సారాంశం ఉన్న కాగితాన్ని సెల్‌ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి, కొడుకు ఫోనులోనూ ఒకటి పెట్టండి. చివరి విడత రోజున ఆ కాగితం ఇవ్వకపోతే, అడిగి తీసుకునే దాకా అక్కణ్ణుంచి కదలకండి.